ఓటమి ఖాయమయ్యాక మిగిలే ఆటలు

పట్టికలో పై స్థానాలకు చేరే దారి లెక్కల ప్రకారం కూడా మూసుకుపోయిన తరువాత, ఒక జట్టు ఇంకా ఆడవలసిన మ్యాచ్‌లను ఏం చేసుకోవాలన్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. అభిమానికి అవి పస లేని ఆటలు, టికెట్లు అమ్మేవారికి నష్టాల లెక్క, పత్రికల్లో చివరి పేజీలో ఒక మూల. అయితే గత నలభై ఏళ్లుగా క్రీడా ప్రపంచంలో నిబంధనలను పదేపదే తిరగరాయించిన వివాదాలలో ఈ చిన్న ప్రశ్న కూడా ఒకటి. అమెరికా బాస్కెట్‌బాల్‌లో పుట్టి పెరిగిన ఈ చర్చ తెలుగు నేలకు వచ్చేసరికి కబడ్డీ మ్యాట్ మీదా క్రికెట్ మైదానంలోనూ రూపం మార్చుకుంది. ఆ మార్పును గమనించకుండా అక్కడి వాదాలను ఇక్కడి జట్లకు యథాతథంగా అంటగట్టడం వల్లనే ఈ విషయం ఇంత చిక్కుపడింది. హైదరాబాద్ పేరిట ఆడిన జట్లు, తెలుగు టైటాన్స్, వాటికి చాలా దూరంగా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠశాల జట్లు ఎదుర్కొన్న పరిస్థితులను పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కుముడి ఎక్కడ పడిందో కొంత తెలుస్తుంది.

వివాదం పుట్టినచోటు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లు జట్లలోకి వచ్చే ప్రధాన ద్వారం డ్రాఫ్ట్. కళాశాలల నుంచి, విదేశాల నుంచి వచ్చే యువకులను జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. బలహీనులు ఎప్పటికీ బలహీనులుగా మిగిలిపోకూడదన్న సదుద్దేశంతో ఆ వంతుల్లో ముందు చోటును వెనుకబడిన జట్లకు కేటాయించారు. 1966 నుంచి 1984 వరకు తూర్పు, పడమర విభాగాలలో అట్టడుగున నిలిచిన రెండు జట్ల మధ్య నాణెం ఎగరవేసి మొదటి వంతు ఎవరిదో తేల్చేవారు. 1983–84లో చివరి దశలో వరుసగా ఓడుతూ పోయిన హ్యూస్టన్ రాకెట్స్ ఆ నాణెం పందెంలో గెలిచి హకీమ్ ఒలాజువాన్‌ను దక్కించుకోవడంతో, ఓటమి యాదృచ్ఛికమా, ఉద్దేశపూర్వకమా అన్న అనుమానం బాహాటమైంది. వచ్చే ఏటి లాభం కోసం ఈ ఏటి ఓటమిని కావాలని కొనితెచ్చుకోవడానికి ‘ట్యాంకింగ్’ అన్న పేరు స్థిరపడింది.

ఆ అనుమానానికి జవాబుగానే 1985లో లాటరీ పద్ధతి వచ్చి, ప్లేఆఫ్‌లకు చేరని ఏడు జట్లకూ సమాన అవకాశం ఇచ్చింది. అప్పుడు మరీ బలహీనమైన జట్టుకు అన్యాయం జరుగుతోందన్న గొడవ లేచి, 1990లో అడుగు జట్లకు ఎక్కువ అవకాశం దక్కేలా సవరించారు. ఈ మార్పుల మధ్య కాలాన్ని బెక్ టేలర్, జస్టిన్ ట్రాగ్డన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తరచు పేర్కొనబడుతుంది. ఓటమికి ప్రతిఫలం ఉన్న ఏడాదుల్లో పోటీ నుంచి తప్పుకున్న జట్లు ఓడే అవకాశం పెరిగిందనీ, సమాన లాటరీ నడిచిన ఏడాదిలో ఆ తేడా కనిపించలేదనీ అది చూపింది. ఆటగాళ్ల మనసులో ఏముందో ఎవరూ చెప్పలేరు కాని, నిబంధన మారినప్పుడల్లా ఓటముల సంఖ్య కూడా మారిందంటే మూలం శీలంలో కంటే నిబంధనలోనే ఉందని అర్థం.

ఆ తరువాతి కథ ప్రసిద్ధమే. 2013 నుంచి 2016 దాకా ఫిలడెల్ఫియా 76ers జట్టు శామ్ హింకీ నాయకత్వంలో ఓటమిని బహిరంగ ప్రణాళికగా చేపట్టి, 2015–16లో 82 ఆటలకు 10 మాత్రమే గెలిచింది. జోయెల్ ఎంబీడ్, బెన్ సిమన్స్ వంటి వారు దొరికినా ఆ తరం జట్టు రెండో రౌండు దాటలేకపోయింది. 2019లో ఎన్‌బీఏ లాటరీ అవకాశాలను చదును చేసి అట్టడుగు మూడు జట్లకూ తలా 14 శాతంగా నిర్ణయించగా, 2023 ఏప్రిల్‌లో ముఖ్యమైన ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టి ఆడినందుకు డాలస్ మావెరిక్స్‌కు ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది. వీటన్నిటికంటే చతురమైన ప్రతిపాదన ఆడమ్ గోల్డ్ అనే పరిశోధకుడిది: జట్టు పోటీ నుంచి తప్పుకున్న క్షణం నుంచి అది గెలిచే పాయింట్ల ఆధారంగా డ్రాఫ్ట్ వరుసను నిర్ణయించాలన్నది దాని సారం. ముందుగా తప్పుకున్న జట్టుకు గెలవడానికి ఎక్కువ ఆటలు మిగులుతాయి కనుక బలహీనుడికి సాయమూ అందుతుంది, ఓడాలన్న ఆశా పోతుంది. ఉత్తర అమెరికా మహిళల ఐస్‌హాకీ లీగు 2024లో ఈ పద్ధతిని ఆచరణలోకి తెచ్చింది.

ఓటమికి బహుమతి లేనిచోట

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉంది. ఐపీఎల్‌లో గాని, ప్రొ కబడ్డీ లీగులో గాని ఆటగాళ్లు వేలంలో వస్తారు. వేలంలో చేతిలో ఉన్న సొమ్ముకూ, అట్టిపెట్టుకున్న ఆటగాళ్ల జాబితాకూ విలువ ఉంటుంది తప్ప, గత ఏడాది అడుగున నిలిచినంత మాత్రాన తొలి పిలుపు హక్కు దక్కదు. రంజీ ట్రోఫీలో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ అడుగున నిలిచిన జట్టు ఎలైట్ విభాగం నుంచి ప్లేట్ విభాగానికి దిగిపోతుంది. 2022–23లో ఏడు మ్యాచ్‌లకు ఆరు ఓడి ఒకే ఒక్క పాయింటు సంపాదించిన హైదరాబాద్ జట్టు అలా దిగిపోయి, మరుసటి ఏడాది తిలక్ వర్మ నాయకత్వంలో ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఓడించి తిరిగి పైకెక్కింది. ఆ ప్లేట్ సీజన్లోనే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో త్రిశతకం చేసి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో వేగవంతమైన రికార్డు నెలకొల్పాడు గాని, ప్రత్యర్థి బలాన్ని బట్టి ఆ పరుగులకు ఎంత విలువ కట్టాలన్నది వేరే వాదన.

అంటే ‘ఓడాలా, గెలవాలా’ అన్న అమెరికా ప్రశ్న మన లీగుల్లో పుట్టనే పుట్టదు. ఇక్కడ మిగిలేది ‘ఎవరిని ఆడించాలి’ అన్న ప్రశ్న. కొత్తవారికి చోటిచ్చి వచ్చే ఏటికి సిద్ధం చేసుకోవాలనేది ఒక పక్షం. బలమైన జట్టునే దించి గెలుపు అలవాటును కాపాడుకోవాలనేది రెండో పక్షం. గాయపడిన పెద్ద ఆటగాళ్లను విశ్రాంతికి పంపి వారి శరీరాలను కాపాడడమే ముఖ్యమనే మూడో పక్షం వైద్యుల సలహాతో నడుస్తుంది కనుక దానితో పెద్దగా పేచీ లేదు. మొదటి రెండు పక్షాల మధ్యనే అసలు వాదన. రెండూ ఆధారాలుగా చూపే ఉదాహరణలు చాలావరకు ఒకే ఊరి నుంచి వస్తాయి.

2021: ఒక పరీక్ష, రెండు ఫలితాలు

సన్‌రైజర్స్ హైదరాబాద్ 2021 సీజన్‌ను ఈ చర్చలో పాఠ్యపుస్తకం లాంటి సందర్భంగా చెప్పవచ్చు. మే మొదట్లో డేవిడ్ వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తొలగించి కేన్ విలియమ్సన్‌కు పగ్గాలు అప్పగించారు. కొవిడ్ వల్ల పోటీ ఆగిపోయేనాటికి జట్టు ఏడింట ఒక్కటే గెలిచింది. సెప్టెంబరులో యూఏఈలో ఆట మళ్లీ మొదలయ్యాక రెండు మ్యాచ్‌లలో విఫలమైన వార్నర్‌ను పూర్తిగా పక్కన పెట్టారు. యువకులకు మ్యాచ్ అనుభవమే కాక, మ్యాచ్ రోజు మైదానంలో గడిపే అనుభవం కూడా కావాలన్నది కోచ్ ట్రెవర్ బేలిస్ ఇచ్చిన వివరణ. జట్టుకు 2016లో కప్పు తెచ్చిపెట్టిన నాయకుడి విషయంలో ఆ వివరణ ఎంతమందికి రుచించిందన్నది వేరే సంగతి.

ఆ చివరి వారాల్లో బయటికి వచ్చిన పేర్లు రెండు. నటరాజన్‌కు కొవిడ్ సోకడంతో నెట్ బౌలర్‌గా ఉన్న ఉమ్రాన్ మాలిక్‌కు జట్టులో చోటు దొరికింది. అతను అక్టోబరు 3న కోల్‌కతా మీద తొలి మ్యాచ్ ఆడి, 6న బెంగళూరు మీద గంటకు 152.95 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరాడు. ఐపీఎల్‌లో అతని తొలి వికెట్ విశాఖపట్నం కుర్రాడు శ్రీకర్ భరత్‌ది కావడం తెలుగువారికి గుర్తుండే ముచ్చట. 8న ముంబయితో జరిగిన ఆఖరి ఆటలో అభిషేక్ శర్మను ఓపెనర్‌గా పంపగా 16 బంతుల్లో 33 పరుగులు చేశాడు. ఆ ఏడాది జట్టు 14 ఆటలకు 3 గెలిచి ఎనిమిదో స్థానంలో, అంటే చివరన నిలిచింది.

ఇక్కడి నుంచే పాఠం వంకర తిరుగుతుంది. మరుసటి వేలానికి ముందు యాజమాన్యం విలియమ్సన్‌తో పాటు ఉమ్రాన్ మాలిక్, అబ్దుల్ సమద్‌లను తలా 4 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుని, అభిషేక్‌ను వదిలేసి, వేలంలో అతన్నే 6.5 కోట్లకు తిరిగి కొనుక్కుంది. ఉమ్రాన్ 2022లో 22 వికెట్లు తీసి ఆ ఏటి ఉదీయమాన ఆటగాడిగా ఎంపికైనా, 2023లో 5 వికెట్లకు, ఆ మరుసటి ఏడాది ఒకే ఒక్క మ్యాచ్‌కు పరిమితమయ్యాడు. అభిషేక్ మాత్రం 2024లో వంద బంతులకు 204 పరుగుల వేగంతో 484 పరుగులు చేసి, ట్రావిస్ హెడ్‌కు జోడీగా జట్టును ఫైనల్ దాకా తీసుకువెళ్లాడు. చివరి ఆటల్లో వెలిగిన ఇద్దరిలో యాజమాన్యం నమ్మకంగా కట్టిపడేసుకున్నవాడు వాడిపోయాడు, వదిలేసి మళ్లీ ఎక్కువ ధర పెట్టి తెచ్చుకున్నవాడు నిలిచాడు. పరీక్ష పెట్టడం ఒక పని, దాని ఫలితాన్ని చదవడం ఇంకో పని అని యువత పక్షం వారు అంత తేలిగ్గా ఒప్పుకోరు గాని, ఈ ఉదాహరణ చెప్పేది అదే. ఇంకొక సంగతి కూడా ఉంది: 2021 చివరి ఆటలకూ 2024 ఫైనల్‌కూ మధ్య అదే జట్టు 2022లో ఎనిమిదో స్థానంలో, 2023లో మళ్లీ అట్టడుగున నిలిచింది. మార్పు తెచ్చినవారిలో 20.5 కోట్లకు వేలంలో కొన్న పాట్ కమిన్స్, కొత్త కోచ్ డేనియల్ వెటోరి ఉన్నారు. వారెవరూ 2021లో ఈ జట్టుతో లేరు.

ఇక గెలుపు అలవాటు పక్షం వారు చూపే ఉదాహరణ దక్కన్ చార్జర్స్. 2008లో 14 ఆటలకు 2 మాత్రమే గెలిచి, సొంత ఊరు హైదరాబాద్‌లో ఒక్కటీ గెలవలేక అట్టడుగున నిలిచిన ఆ జట్టు, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలుచుకుంది. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, రోహిత్ శర్మ, ప్రజ్ఞాన్ ఓజా, ఆర్పీ సింగ్, వేణుగోపాలరావు వీరంతా మొదటి ఏటి నుంచి ఉన్నవారే. కూల్చి కట్టడమే మార్గమైతే ఇది జరగకూడదు. అయితే ఆ సీజన్ దక్షిణాఫ్రికాకు తరలిపోవడం వల్ల ఏ జట్టుకూ సొంత మైదానం లేకపోయిందన్న సంగతిని ఈ పక్షం వారు సౌకర్యంగా మరచిపోతారు. సొంతగడ్డ మీద ఒక్కటీ గెలవని జట్టుకు అంతకు మించిన వరం ఏముంటుంది.

ఒకే అడుగు స్థానం, మూడు రకాల ఓటములు

తెలుగు టైటాన్స్ కథలో పరీక్షకు నిలిచేది వరుస ఓటమి. ప్రొ కబడ్డీ ఎనిమిదో సీజన్లో (2021–22) 22 ఆటలకు 1 గెలుపు, 4 సమం, 17 ఓటములు. తొమ్మిదిలో 2 గెలుపులు, 20 ఓటములు. పదిలో 2 గెలుపులు, 1 సమం, 19 ఓటములు. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానమే. పైకి ఇది ఒకే కథ మూడుసార్లు చెప్పినట్టు ఉంటుంది.

కానీ ఆనాటి లీగు పాయింట్ల పద్ధతిని చూస్తే తేడా బయటపడుతుంది. గెలిస్తే 5, సమమైతే 3 పాయింట్లు. ఏడు లేదా అంతకు తక్కువ తేడాతో ఓడితే 1 పాయింటు. ఆశ లేని జట్టు కూడా చివరి రైడ్ దాకా పోరాడేలా చేయడానికి కబడ్డీ కనిపెట్టిన మందు ఇది. ఎనిమిదో సీజన్లో టైటాన్స్ 27 పాయింట్లు తెచ్చుకుంది. అందులో గెలుపు, సమాలవి 17 పోగా మిగిలిన 10 పాయింట్లు పది ఓటములకు వచ్చినవే. అంటే 17 ఓటముల్లో పది కొద్ది తేడాతో జారిపోయినవి. తొమ్మిదో సీజన్లో మొత్తం 15 పాయింట్లలో ఇలాంటివి ఐదు మాత్రమే. పదో సీజన్లో 21 పాయింట్లకు ఎనిమిది. గెలుపుల గడిని మాత్రమే చూసేవారికి తొమ్మిదో సీజన్ ఎనిమిదికంటే ఒక మెట్టు పైన కనిపిస్తుంది గాని, నిజానికి జట్టు ఆ ఏడాదే ఎక్కువ దిగజారింది. ఎనిమిదో సీజన్లో సిద్ధార్థ్ దేశాయ్ గాయపడ్డాక రజనీష్, అంకిత్ బేనివాల్ వంటి యువ రైడర్లకు దొరికిన అవకాశం, ఆ పది దగ్గరి ఓటములు కలిసి మరుసటి ఏటికి ఒక పునాది వేసినట్టే కనిపించినా, పునాది మీద గోడ లేవలేదు.

పదో సీజన్లో 2.605 కోట్లకు కొన్న పవన్ సెహ్రావత్ ఒంటిచేత్తో 200కు పైగా రైడ్ పాయింట్లు సాధించినా జట్టు కదలలేదు. పదకొండులో కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక 12 గెలుపులతో ఏడో స్థానానికి చేరి, ప్లేఆఫ్ అంచున ఆగిపోయింది. మరుసటి ఏడాది విజయ్ మాలిక్ నాయకత్వంలో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. మూడేళ్లపాటు ఏటా చివరి ఆటల్లో ఎవరెవరిని ప్రయత్నించారన్నది ఈ ఎదుగుదలను వివరించదు. కోచ్ మారడం, డిఫెన్స్ కుదరడం వంటివే ఎక్కువ వివరిస్తాయి. యువతకు చోటివ్వాలన్న వాదానికి టైటాన్స్ కథ అనుకూలమూ కాదు, ప్రతికూలమూ కాదు. చివరి ఆటలకు అంత శక్తి లేదని మాత్రం ఇది చెబుతుంది.

పేదరికం వల్ల యువత మైదానంలోకి రావడం మరొక రకం. 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఫుట్‌బాల్ లీగు ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఆర్థిక చిక్కుల్లో పడి 2023–24లో పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోగా కుర్రాళ్లతో లాక్కొచ్చి 22 ఆటలకు ఒక్కటి గెలిచింది. వారికి అనుభవం దండిగానే దొరికింది. కానీ 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోవడంతో ఆ అనుభవం ఏ ఊరి ఖాతాలోనూ జమకాలేదు.

ఒక్క మెతుకు లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండలో మెతుకులన్నిటికీ ఒకే సెగ తగిలింది కనుక అది నిజం. చివరి పది ఆటల్లో కొత్త ఆటగాణ్ణి పరీక్షించి నిర్ణయం తీసుకునేవారు తెలియకుండానే ఈ సామెతను నమ్ముకుంటారు గాని, ఆటగాడి ఒక్కో రోజు ఒక్కో సెగ మీద ఉడుకుతుంది.

బాస్కెట్‌బాల్ నుంచే లెక్క కడితే విషయం స్పష్టమవుతుంది. దూరపు గీత వెనుక నుంచి వేసే మూడు పాయింట్ల బంతుల్లో నిజానికి నూటికి 35 వేయగల కుర్రాడికి పది ఆటల్లో, ఆటకు నాలుగేసి చొప్పున, 40 ప్రయత్నాలు దొరికాయనుకుంటే, అతను 14 వేస్తాడని ఆశించాలి. అయితే అదృష్టం ఒక్కటే కారణంగా ఈ సంఖ్య నాలుగింట మూడుసార్లు 11 నుంచి 17 మధ్య ఎక్కడైనా పడవచ్చు, నాలుగో సారి ఆ హద్దు కూడా దాటవచ్చు. 11 వేస్తే నూటికి 27.5, 17 వేస్తే 42.5. మొదటి అంకె చూసిన కోచ్ అతన్ని ఇంటికి పంపుతాడు, రెండోది చూసినవాడు కెప్టెన్ చేస్తాడు. ఆటగాడు మాత్రం ఒకడే. పైగా ఎదుటి జట్లు కూడా ఆ రోజుల్లో తమ పెద్దవారికి విశ్రాంతినిస్తే, ఆ 40 ప్రయత్నాలు ఎవరి మీద వేసినవో కూడా లెక్కలో చేరాలి.

పరీక్ష ఖర్చు కూడా ఆటను బట్టి మారుతుంది. ఈ విషయాన్ని వాదించేవారు అంతగా పట్టించుకోరు. బాస్కెట్‌బాల్‌లో అంతర్జాతీయ నియమాల ప్రకారం 40 నిమిషాల ఆటలో ఐదుగురికి కలిపి 200 నిమిషాలు ఉంటాయి. ఆటగాడు బయటికి వెళ్లి మళ్లీ రావచ్చు కనుక, కోచ్ ఒక కుర్రాడికి ఆరు నిమిషాలు అరువిచ్చి తిరిగి తీసుకోవచ్చు. కబడ్డీలోనూ మ్యాట్ మీద ఏడుగురు ఆడుతుంటే బెంచి మీది ఐదుగురి నుంచి మార్పులు చేసుకునే వీలుంది. ఐపీఎల్ క్రికెట్‌లో మాత్రం, మ్యాచ్ మధ్యలో ఒకరిని మార్చుకునే ఇంపాక్ట్ ప్లేయర్ పద్ధతి 2023లో వచ్చేదాకా ఒకరిని పరీక్షించాలంటే పదకొండింట ఒక చోటు పూర్తిగా వదులుకోవాల్సిందే. కనుక వార్నర్‌ను తప్పించకుండా కొత్త ఓపెనర్‌ను చూడడం 2021లో సాధ్యమయ్యేది కాదు. అదే ఒక బాస్కెట్‌బాల్ జట్టులో జరిగి ఉంటే ఆ అవమానపు చర్చ సగం తగ్గేది.

పక్క జట్ల న్యాయం

పోటీ నుంచి తప్పుకున్న జట్టుకు మిగిలిన ఆట ఎదుటివారికి ప్రాణం. 2012 మే 20న ఉప్పల్ మైదానంలో అప్పటికే ఆశ వదులుకున్న దక్కన్ చార్జర్స్ 132 పరుగులే చేసినా, డేల్ స్టెయిన్ నాలుగు ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీయగా బెంగళూరును 9 పరుగుల తేడాతో ఓడించింది. దానితో బెంగళూరు ఇంటికి, చెన్నై ప్లేఆఫ్‌లకు వెళ్లి అక్కడి నుంచి ఫైనల్ దాకా చేరింది. మరికొన్ని నెలలకే దక్కన్ చార్జర్స్ ఫ్రాంచైజీయే రద్దయింది. వచ్చే ఏడాది తమ జట్టు ఉంటుందో లేదో తెలియనివారు ఆడిన ఆ నాలుగు గంటలు వేరే రెండు నగరాల సీజన్‌ను నిర్ణయించాయి. 2021లో ముంబయి ముందడుగు వేయాలంటే సన్‌రైజర్స్‌ను 171 పరుగుల తేడాతో ఓడించాల్సి ఉండగా, 235 పరుగులు కొట్టించుకున్న ఆ అట్టడుగు జట్టే తిరిగి 193 చేసి ముంబయి ఆశను ముగించింది.

ఓటమిని ఎంచుకుంటే ఇతరులకు ఏమవుతుందో తెలుగువారికి బాగా తెలిసిన సందర్భం 2012 లండన్ ఒలింపిక్స్. మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో అనుకూలమైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడేందుకు ప్రయత్నించిన చైనా, దక్షిణ కొరియా, ఇండోనేషియాలకు చెందిన నాలుగు జోడీలను బహిష్కరించారు. అదే పోటీలో హైదరాబాద్‌కు చెందిన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా, జపాన్ జోడీ చైనీస్ తైపే చేతిలో ఓడిన తరువాత పాయింట్ల తేడాతో క్వార్టర్స్ చేజార్చుకుంది. ఆ మ్యాచ్‌పై భారత్ చేసిన ఫిర్యాదును నిర్వాహకులు తోసిపుచ్చారు. జపాన్ జోడీ మీద ఏ తప్పూ రుజువు కాలేదు. కానీ ఒక్క మ్యాచ్‌లో గెలుపోటములు లెక్కలేనివైతే మూడో జట్టు దానికి ఎంత మూల్యం చెల్లిస్తుందో తెలిసింది. కుర్రాళ్లను దించడం నేరమేమీ కాదు. ఇంకా ప్లేఆఫ్ పోరులో ఉన్న జట్టు మీద అలా చేయడం, అదే పోరులో ఉన్న మరో జట్టు మీద మాత్రం పెద్దవారిని దించడం న్యాయం కాదన్న మేరకు అన్ని పక్షాలకూ ఏకాభిప్రాయం ఉంది.

జిల్లా మైదానంలో

ఫ్రాంచైజీల గురించి రాసినంత సిరా ఈ ప్రశ్న నిజంగా బాధించే చోటి మీద ఖర్చు కాలేదు. కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలోనో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు జరిగేటప్పుడు, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి ఉమ్మడి జిల్లా ఎంపికకు, తరువాత రాష్ట్రస్థాయికి మెట్లు ఎక్కవలసి ఉంటుంది. 2016 అక్టోబరులో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా, కరీంనగర్ కొత్త జిల్లాలుగా విడిపోయినా, పాఠశాల ఆటల ఎంపికలో ‘ఉమ్మడి జిల్లా’ అన్న మాట ఇంకా బతికే ఉంది. రాష్ట్రస్థాయి పోటీలు ఎక్కువగా లీగు కమ్ నాకౌట్ పద్ధతిలో, అంటే ముందు చిన్న గుంపులో అందరితో అందరూ ఆడి, పైన నిలిచినవారు ఓడితే ఇంటికి వెళ్లే దశకు చేరేలా నడుస్తాయి. గుంపులో రెండు ఓడిన జట్టుకు మూడో ఆట మిగులుతుంది.

ఆ మూడో ఆట జట్టుకు లెక్కలోకి రాకపోయినా ఆటగాడికి వస్తుంది. రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవారు ఓడిన జట్ల ఆటను కూడా చూస్తారు. జాతీయ పోటీల్లో ఆడిన ధ్రువపత్రానికి రేపు ప్రభుత్వోద్యోగాల్లోని 2 శాతం క్రీడా కోటాలో విలువ ఉంటుంది. కనుక పన్నెండు మంది కబడ్డీ జట్టుతో వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) ముందు ఉన్న ప్రశ్న ఫ్రాంచైజీ కోచ్ ప్రశ్నకు తలకిందులు: మంచి రైడర్‌ను ఇంకొకసారి ఎంపికదారుల కళ్లముందు నిలపాలా, లేక ఉట్నూరు ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చి రెండు రోజులుగా గీత బయటే కూర్చున్న పిల్లవాడిని మ్యాట్ ఎక్కించాలా? మొదటిది ఒకరి భవిష్యత్తు, రెండోది మరొకరి హక్కు. ఫ్రాంచైజీలో యువకుడిని ఆడించడం పెట్టుబడి. పాఠశాల జట్టులో అది న్యాయం. ఈ తేడాను విస్మరించి టీవీలో చూసిన మాటలను పీఈటీలకు వల్లించేవారు రెండు ప్రశ్నలనూ చెడగొడతారు.

హకీంపేటతో పాటు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో నడుస్తున్న ప్రభుత్వ క్రీడా పాఠశాలల జట్లకు, మామూలు ఉన్నత పాఠశాలల జట్లకు మధ్య కూడా ఈ విషయంలో ఒకే కొలబద్ద పనికిరాదు. క్రీడా పాఠశాల విద్యార్థికి ఏడాది పొడవునా శిక్షణ, మళ్లీ ఆడే అవకాశం ఉంటాయి. మామూలు పాఠశాల విద్యార్థికి ఆ మూడో ఆటే ఏడాది మొత్తానికీ చివరి ఆట కావచ్చు. సింగరేణి ప్రాంతంలో కార్మికుల క్రీడా సంఘం ఏరియాల మధ్య నడిపే పోటీల్లో, శ్రీరాంపూర్, మందమర్రి, రామగుండం వంటి ఏరియాల జట్లలో ఈ బరువు తక్కువ. అక్కడ ఆటగాడికి ఉద్యోగం ముందే ఉంది కనుక చివరి ఆట నిజంగానే ఆటగా మిగులుతుంది.

తేలకుండా ఉన్నవి

ఎన్‌బీఏ చరిత్ర, ఉప్పల్ సాక్ష్యం, కబడ్డీ పాయింట్ల పట్టిక కలిపి చూస్తే కొన్ని సంగతులు దాదాపు తేలాయి: బహుమతి ఉన్నచోట ఓటమి పెరుగుతుంది, బహుమతి లేనిచోట వాదన యువతకూ పెద్దవారికీ మధ్య మిగులుతుంది, పది ఆటల అంకెలు ఒంటరిగా నమ్మదగినవి కావు. తేలనివి ఇంకా ఎక్కువే ఉన్నాయి. వరుసగా ఓడే జట్టులో మొదటి అడుగు పెట్టిన కుర్రాడికి ఆ అనుభవం మేలు చేస్తుందా, భయం నేర్పుతుందా అన్నదానికి అభిషేక్, ఉమ్రాన్ ఇద్దరూ ఒకే జట్టు నుంచి విరుద్ధమైన సాక్ష్యం చెబుతారు. ఏడు పాయింట్ల లోపు ఓటమికి ఇచ్చే ఆ ఒక్క పాయింటు జట్లను నిజంగా చివరిదాకా పోరాడించిందా, లేక ఓటమిని ఓదార్పుతో సర్దుకోవడం నేర్పిందా అన్నది కూడా తేలలేదు. అది తేల్చేలోగానే ప్రొ కబడ్డీ పన్నెండో సీజన్లో గెలుపుకు 2 పాయింట్లు, ఓటమికి సున్నా అనే పద్ధతికి మారిపోయింది.

పాఠశాల పోటీల్లో మూడో ఆట మాట ఇంకా మొదలే కాలేదు. ఎంపికదారులు ఏ ఆటలు చూశారో, ఎవరిని ఎన్ని నిమిషాలు చూశారో రాసిపెట్టే పద్ధతి ఉంటే, గీత బయట కూర్చున్న పిల్లవాడిని దించాలా వద్దా అన్న నిర్ణయంలో పీఈటీకి కొంత బరువు తగ్గేది. ఆ నమోదుకు కావలసింది ఒక స్కోరు పుస్తకం, దాని చివర ఒక గడి.